వైఫై ఉంది, నెట్ లేదు

"వైఫై రావట్లేదు" అనే మాటకు కనీసం నాలుగు అర్థాలున్నాయి. ఫోన్లో మన వైఫై పేరే కనబడకపోవడం ఒకటి. పేరు కనబడుతుంది గాని పాస్‌వర్డ్ కొడితే చేరదు, అది రెండు. చేరుతుంది, చేరి గుర్తు పక్కన ఆశ్చర్యార్థకం పెట్టి "ఇంటర్నెట్ లేదు" అంటుంది, అది మూడు. అన్నీ బాగానే ఉంటాయి, కాసేపు వచ్చి కాసేపు పోతుంది, అది నాలుగు. నాలుగింటికీ రోగం వేరు, మందు వేరు. విజయవాడ పటమటలో మా ఇంట్లో జూన్ రెండో వారంలో మూడోదీ నాలుగోదీ ఒకేసారి వచ్చిపడ్డాయి. రెండూ ఒకటే జబ్బనుకుని వెతకడంతో నాలుగు రోజులు పట్టింది. విడివిడిగా చూసి ఉంటే ఒక పూట పని.

ఇంట్లో ఏర్పాటు ఇదీ. కింద హాల్లో టీవీ వెనక ఫైబర్ పెట్టె, అంటే ఓఎన్‌యూ. వైఫై కూడా అందులోంచే వస్తుంది. స్తంభం మీంచి వచ్చిన సన్నటి నల్ల డ్రాప్ కేబుల్ హాలు కిటికీలోంచి లోపలికి వచ్చి ఆ పెట్టెలో దిగుతుంది. స్లాబు దాటి సిగ్నల్ పైకి వెళ్లడం లేదని, పెట్టె నుంచి మేడ మీద గదికి 15 మీటర్ల లాన్ కేబులు లాగి, చివర ఇంకో మామూలు రూటరు పెట్టాం. కింద ఒక పేరు, పైన ఒక పేరు. రెండేళ్లు ఏ గొడవా లేదు.

ఇప్పుడేమో అమ్మ ఫోన్లో యూట్యూబ్ వస్తుంది, అదే సోఫాలో కూర్చున్న నా ఫోన్లో రాదు. ల్యాప్‌టాప్‌లో పొద్దున వచ్చింది మధ్యాహ్నం ఉండదు. పెట్టె ఆపి వేస్తే అటుదిటు, ఇటుదటు అవుతుంది: నాకు వస్తుంది, అమ్మకు పోతుంది. ఇక సాయంత్రం ఆరూ ఏడూ అయ్యేసరికి ఎవరికీ ఉండదు. పొద్దున్నే మళ్లీ హాజరు.

ముందు చెయ్యకూడని పని చెప్తాను, ఎందుకంటే అందరూ ఇచ్చే మొదటి సలహా అదే: "రీసెట్ కొట్టండి." రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు. స్విచ్చి ఆపి, 30 సెకన్లు ఆగి వేస్తే అది రీస్టార్ట్. ఆ ఆగడం ఎందుకంటే లోపలి కెపాసిటర్లలో మిగిలిన కరెంటు పూర్తిగా దిగాలి. పెట్టె వెనక సన్నటి కన్నంలో పిన్ను గుచ్చి పది సెకన్లు నొక్కితే అది రీసెట్. దాంతో వైఫై పేరూ పాస్‌వర్డే కాదు, ఆపరేటర్ లోపల పెట్టిన పీపీపీఓఈ (ఆపరేటర్ నెట్‌లోకి లాగిన్) యూజర్ నేమ్, దాని పాస్‌వర్డ్, వీలాన్ నంబరు కూడా తుడిచిపెట్టుకుపోవచ్చు. అవి మన దగ్గర రాసి ఉండవు. అంతదాకా సగం పనిచేస్తున్న నెట్ ఆ క్షణం నుంచి అసలు పనిచెయ్యదు, ఆపరేటర్ మనిషి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఆ కన్నం జోలికి వెళ్లే ముందు కనీసం వాన్ (బయటి నెట్ వైపు) సెట్టింగుల పేజీనీ, పెట్టె అడుగున స్టిక్కర్‌నీ ఫోటో తీసి పెట్టుకోండి.

తర్వాత లైట్లు. కంపెనీని బట్టి పేర్లు కొంచెం అటూ ఇటూ అయినా చూడాల్సినవి మూడే: పాన్, లాస్, ఇంటర్నెట్. లాస్ లైటు ఎర్రగా మిణుకుతుంటే ఫైబర్‌లో వెలుతురు అందట్లేదు. తీగ తెగి ఉండాలి, కనెక్టర్ ఊడి ఉండాలి. పాన్ మిణుకుతుంటే వెలుతురు వస్తోంది గాని అవతలి వైపుతో జత కుదరట్లేదు. పాన్ నిలకడగా పచ్చగా వెలుగుతూ ఇంటర్నెట్ లైటు మాత్రం ఆరిపోయో ఎర్రగానో ఉంటే లాగిన్ గొడవ. చాలాసార్లు ఇది రీఛార్జి గడువు దాటిపోవడమే, దానికి స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. మూడూ సరిగ్గా ఉన్నాయా, వెంటనే ఆపరేటర్‌కి ఫోన్ చెయ్యకండి, తప్పు చాలావరకు ఇంట్లోనే ఉంటుంది. మా పెట్టె మీద పగలంతా మూడూ సరిగ్గానే ఉన్నాయి. సాయంత్రం సంగతి అప్పుడు చూడలేదు, అదే పొరపాటు.

పరీక్షలు మొదలుపెట్టే ముందు ఫోన్లో మొబైల్ డేటా ఆపెయ్యండి. వైఫైలో నెట్ లేదని తెలియగానే ఈ కాలపు ఫోన్లు చెప్పాపెట్టకుండా 5జీకి మారిపోతాయి. మనమేమో "ఆ, వచ్చేసింది" అనుకుని ఏ సెట్టింగు మార్చామో దానికి దండం పెడతాం. నా మొదటి రోజులో సగం ఇలాగే పోయింది. ప్రైవేట్ డీఎన్ఎస్ అనే సెట్టింగు కూడా చూడండి. డీఎన్ఎస్ అంటే సైటు పేరు చెప్తే దాని అడ్రస్ వెతికిపెట్టేది. ప్రకటనలు రాకుండా ఎప్పుడో ఏదో పేరు పెట్టి మర్చిపోయి ఉంటే, ఆ సర్వర్ అందనప్పుడు వైఫై నిక్షేపంగా ఉన్నా ఒక్క పేజీ తెరుచుకోదు.

ఇక అసలు పరీక్ష, కేబులు పరీక్ష. రెండు మీటర్ల లాన్ కేబులు ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేసి, ఓఎన్‌యూ లాన్ కన్నంలోంచి నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టాలి. కేబులు మీద నెట్ వచ్చి వైఫై మీద రాకపోతే జబ్బు గాలిలో ఉంది: ఛానల్, దూరం, పాస్‌వర్డ్. కేబులు మీదా రాకపోతే వైఫైని తిట్టి లాభం లేదు. కానీ ఒక షరతు ఉంది, నేను పాటించనిది అదే: ఆ పరీక్ష చేసేటప్పుడు పెట్టెకు ఇంకే లాన్ కేబులూ తగిలించి ఉండకూడదు. మేడ మీదికి వెళ్లే కేబులు అలాగే ఉంచి చేశాను. ఒకసారి వచ్చింది, తీసి పెడితే రాలేదు. దాంతో నెపం ఫైబర్ మీదకి పోయింది.

దారి చూపించింది ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికీ ఉండే నంబరు. ఆండ్రాయిడ్‌లో వైఫై పేరు పక్కన పళ్లచక్రం గుర్తు నొక్కితే కిందికి వెళ్లాక కనబడుతుంది. విండోస్‌లో నల్ల కమాండ్ కిటికీ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొడితే చాలు. రెండు అంకెలు చూడాలి: మన అడ్రస్, గేట్‌వే (మనల్ని బయటికి పంపే పెట్టె అడ్రస్). అడ్రస్ 169.254తో మొదలైతే, అడ్రస్ ఇచ్చే నాథుడు ఎవరూ దొరక్క ల్యాప్‌టాప్ తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. మా ఓఎన్‌యూ అడ్రస్ 192.168.1.1. కాబట్టి ఇంట్లో ప్రతి పరికరానికీ 192.168.1తో మొదలయ్యే అడ్రస్ ఉండాలి. అమ్మ ఫోన్లో 192.168.1.7 ఉంది, గేట్‌వే 192.168.1.1. అదే సోఫాలో, అదే హాలు వైఫై పేరు మీద ఉన్న నా ఫోన్లో 192.168.0.104 ఉంది, గేట్‌వే 192.168.0.1.

అది మేడ మీద రూటరు అడ్రస్. కింద వైఫైకి తగులుకున్న ఫోనుకు మేడ మీద రూటరు అడ్రస్ ఇస్తోంది.

పైకి వెళ్లి చూస్తే కేబులు రూటరు వెనక నీలం రంగు వాన్ కన్నంలో లేదు, పక్కనే పసుపు రంగు లాన్ కన్నంలో ఉంది. మే నెలాఖరులో ఆ గదికి రంగులు వేయించాం. రూటరు మేకు మీంచి తీశారు, కేబులు పీకారు, రంగులయ్యాక ఏదో ఒక కన్నంలో పెట్టేశారు. ఏ కన్నంలోనైనా టక్కుమని దిగుతుంది, అదే దీనితో చిక్కు. వాసన పోయేదాకా గది వాడలేదు గనక స్విచ్చి ఆపే ఉంది. జూన్ రెండో వారంలో స్విచ్చి వేశాం, నెట్ తిక్క కూడా ఆ రోజే మొదలైంది. నేను తేదీలు కలిపి చూసుకోలేదు.

కన్నం మారితే ఇంత ఎందుకు జరుగుతుందో కాస్త చెప్పాలి. రూటరులో వాన్ కన్నం వీధి గుమ్మం, లాన్ కన్నాలు ఇంట్లో గదులు. కేబులు వాన్‌లో ఉన్నప్పుడు మేడ మీద రూటరు కింది పెట్టె దగ్గర నెట్ తీసుకుని తన పరికరాలకు మాత్రమే పంచుతుంది. లాన్‌లో పెడితే రెండూ ఒకే ఇంట్లో ఇద్దరు యజమానులవుతాయి. కొత్తగా చేరే ప్రతి ఫోనూ "నాకో అడ్రస్ ఇవ్వండి" అని ఇల్లంతా వినబడేట్టు అరుస్తుంది, దీన్నే డీహెచ్‌సీపీ అంటారు. ఇద్దరూ జవాబిస్తారు. ఎవరి జవాబు ముందొస్తే వాళ్ల అడ్రస్ పుచ్చుకుంటుంది. బస్టాండులో హైదరాబాద్ బస్సెక్కడని అడిగితే ఒకాయన సరైన ప్లాట్‌ఫాం చూపిస్తున్నాడు, ఇంకొకాయన ఖాళీ ప్లాట్‌ఫాం చూపిస్తున్నాడు. మేడ మీద రూటరుకు వీధి గుమ్మంలో కేబులే లేదు గనక దాని మాట విన్నవాళ్లంతా ఖాళీ ప్లాట్‌ఫాం మీద నిలబడిపోయారు. పైగా ఇచ్చిన అడ్రస్‌కు గడువుంటుంది, కొన్నిటిలో రెండు గంటలు, కొన్నిటిలో 24. అందుకే పొద్దున వచ్చింది మధ్యాహ్నం పోతుంది, రీస్టార్ట్ చేస్తే అదృష్టం చేతులు మారుతుంది.

రుజువుకు ఆ కేబులు పీకేశాను. ఫోన్లో వైఫై ఆపి వేస్తే ఒక్కోసారి పాత అడ్రస్సే పట్టుకు వేలాడుతుంది, అందుకని ఆ వైఫై పేరును ఫర్గెట్ చేసి మళ్లీ పాస్‌వర్డ్ కొట్టాను. ల్యాప్‌టాప్‌లో ఐపీకాన్ఫిగ్ తర్వాత ఖాళీ వదిలి స్లాష్ రిలీజ్, తర్వాత స్లాష్ రెన్యూ. నిమిషంలో అన్నిటికీ 192.168.1 అడ్రస్‌లు వచ్చేశాయి, నెట్ కూడా.

బాగుచెయ్యడానికి రెండు దారులున్నాయి. కేబులు మళ్లీ నీలం కన్నంలో పెట్టెయ్యడం సులువు, రెండేళ్లు అలాగే నడిచింది. దానిలో లోటు ఏమిటంటే మేడ మీద పరికరాలు వేరే ఇంట్లో ఉన్నట్టే లెక్క. పై గదిలో ఫోన్లోంచి కింద టీవీకి వీడియో పంపలేం, కింద ప్రింటరు పైన ల్యాప్‌టాప్‌కి కనబడదు. రెండో దారి, రూటరును ఉత్త యాక్సెస్ పాయింట్‌గా, అంటే అడ్రస్‌లు పంచకుండా వైఫై మాత్రం ఇచ్చేదిగా మార్చడం. కొన్ని రూటర్లలో మెనూలోనే ఆ మోడ్ ఉంటుంది, ఒక్క నొక్కుడు. మాది పాతది, చేత్తో చెయ్యాలి. ఇందులో వరస ముఖ్యం. ముందు కింది నుంచి వచ్చే కేబులు పీకేసి, ల్యాప్‌టాప్‌ను నేరుగా ఆ రూటరు లాన్ కన్నానికి తగిలించాలి. బ్రౌజర్‌లో 192.168.0.1 కొట్టి లోపలికి వెళ్లి, లాన్ సెట్టింగుల్లో దాని అడ్రస్‌ను 192.168.1.2గా మార్చి సేవ్ చెయ్యాలి. రూటరు తనే ఆగి లేస్తుంది. ఇప్పుడు 192.168.1.2 కొట్టి లోపలికి వెళ్లి, డీహెచ్‌సీపీ సర్వర్‌ను డిజేబుల్ చెయ్యాలి. ముందే డీహెచ్‌సీపీ ఆపేస్తే ల్యాప్‌టాప్‌కి అడ్రస్ ఇచ్చేవాడుండడు, మనమే తలుపేసుకుని తాళంచెవి లోపల వదిలేసినట్టు. అలా ఇరుక్కుంటే ల్యాప్‌టాప్‌లో 192.168.1.50, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 అని చేత్తో పెట్టుకుని లోపలికి వెళ్లొచ్చు. రూటరు పాత అడ్రస్‌లోనే ఉంటే 192.168.0.50. చివరగా కింది కేబులు లాన్ కన్నంలో పెట్టాలి. అవును, ఇప్పుడు లాన్ కన్నమే సరైనది. నీలం కన్నం మీద ఇన్సులేషన్ టేపు అంటించేశాను.

ఇంకొక్కటి. కింది పెట్టె పంచే అడ్రస్‌ల వరస 192.168.1.2 నుంచే మొదలవుతుంటే ఏదో రోజు ఆ రెండో నంబరు ఏ ఫోనుకో ఇచ్చేస్తుంది, రూటరుతో గొడవ పడుతుంది. పెట్టెలో ఆ వరసను 100 నుంచి 200 దాకా అని మార్చాను.

పగటి తిక్క అంతటితో పోయింది. సాయంత్రం ఆరున్నరకు నెట్ మాత్రం యథాప్రకారం పోయింది.

దీనికి నేను మొదట అనుమానించింది ఇరుగుపొరుగు వైఫైలను. సాయంత్రం అందరూ ఇళ్లకు చేరతారు, గాలి కిక్కిరిసిపోతుంది, వినడానికి బాగుంటుంది. వైఫై ఎనలైజర్ యాప్ పెట్టి చూస్తే హాల్లోకి 23 పేర్లు కనబడ్డాయి. మన పెట్టె 2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానల్ 3 మీద, 40 మెగాహెర్ట్జ్ వెడల్పుతో కూర్చుంది. ఇది తప్పే. 2.4లో మనకు 13 ఛానళ్లున్నా ఒక్కోటి 5 మెగాహెర్ట్జ్ దూరంలోనే ఉంటుంది, సిగ్నల్ వెడల్పేమో 20. అందుకని ఒకదాన్నొకటి తొక్కకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. ఛానల్ 3లో ఉన్నవాడు అటు 1లో వాళ్లనీ ఇటు 6లో వాళ్లనీ చెడగొడతాడు, తనూ చెడతాడు. ఒకే ఛానల్‌లో పదిమంది ఉంటే ఒకరి మాట ఒకరికి తెలుస్తుంది, వంతులేసుకుంటారు. సగం సగం కలిసిన ఛానళ్లలో ఒకరి మాట ఇంకొకరికి ఉత్త రొద. కింద ఛానల్ 1, పైన 11, రెండిట్లోనూ వెడల్పు 20 అని స్థిరంగా పెట్టాను, ఆటో తీసేశాను. టీవీని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చాను. అక్కడ 36 నుంచి 48 లోపు గాని, 149 నుంచి 161 లోపు గాని పెడితే మంచిది. మధ్యలో ఉన్నవి వాతావరణ రాడార్ల వంటివి వాడేవి. ఆ ఛానల్‌లో రాడార్ లేదని తేల్చుకోవడానికి రూటరు లేచాక కనీసం నిమిషం ఆగుతుంది, రాడార్ అలికిడి వింటే ఉన్నట్టుండి ఛానల్ వదిలేసి పారిపోతుంది.

వేగం పెరిగింది. ఆరున్నరకు పోవడం ఆగలేదు.

కరెంటు మీద కూడా అనుమానం వచ్చింది. సాయంత్రం ఓల్టేజీ పడిపోయి పెట్టె ఆగి లేస్తోందా అని. దీనికి మల్టీమీటర్ అక్కర్లేదు. పెట్టె స్టేటస్ పేజీలో అప్‌టైమ్ అని ఉంటుంది, ఆగకుండా ఎంతసేపటి నుంచి నడుస్తోందో చెప్తుంది. రాత్రి చూస్తే చివరిసారి నేను రీస్టార్ట్ చేసినప్పటి నుంచి లెక్క తప్పకుండా నడుస్తోంది. అంటే కరెంటుది తప్పు కాదు. మీ ఇంట్లో అది మాటిమాటికీ సున్నా నుంచి మొదలవుతుంటే అడాప్టర్ మార్చండి. మార్చేటప్పుడు పాతదాని మీద ఎన్ని ఓల్టులని రాసి ఉందో అంతే ఉండాలి, 12 అంటే 12. ఆంపియర్లు పాతదానికి సమానంగా గాని ఎక్కువగా గాని ఉండొచ్చు, తగ్గకూడదు. గవర్నర్‌పేటలో కొనేటప్పుడు పాత అడాప్టర్ చేత్తో పట్టుకెళ్లండి, పిన్ను లావు కూడా కలవాలి.

మూడో సాయంత్రం చెయ్యాల్సిన పని చేశాను: నెట్ పోయిన సమయంలోనే కేబులు పరీక్ష. మేడ కేబులు పీకేసి, ల్యాప్‌టాప్ నేరుగా పెట్టి, మూడు పింగులు. పింగ్ అంటే ఒక అడ్రస్‌ను పలకరించి జవాబొస్తుందో లేదో చూడటం. 192.168.1.1కి జవాబొచ్చింది, అంటే ల్యాప్‌టాప్ నుంచి పెట్టె దాకా బాగుంది. 8.8.8.8కి రాలేదు, అంటే పెట్టె దాటి బయటికి దారి లేదు. పేరుతో పింగ్ చేసినా రాలేదు, రాదు కూడా. రెండోది వచ్చి మూడోది ఒక్కటే రాకపోతే డీఎన్ఎస్ తప్పు, పెట్టెలో డీఎన్ఎస్ 8.8.8.8, 1.1.1.1 అని పెడితే తీరిపోతుంది. మాది అది కాదు. టీవీ పక్కకి జరిపి చూస్తే పాన్ లైటు మిణుకుతోంది.

ఇక్కడ పనికొచ్చేది ఆ పెట్టెలోని ఆప్టికల్ పేజీ. 192.168.1.1లోకి వెళ్తే స్టేటస్ కింద పాన్ సమాచారం అనో ఆప్టికల్ సమాచారం అనో ఉంటుంది. అందులో ఆర్ఎక్స్ పవర్ అంటే మనకు అందుతున్న వెలుతురు, డీబీఎంలలో, మైనస్ అంకె. సున్నాకు ఎంత దగ్గరైతే అంత ఎక్కువ వెలుతురు. మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉంటే నిశ్చింత. ఇళ్లలో వాడే జీపాన్ రకం ఫైబర్ పెట్టెల హద్దు మైనస్ 27 దగ్గర, దాని కింద పట్టు తప్పుతుంది. ఈ లెక్కలో 3 తగ్గితే వెలుతురు సగమైనట్టు, 6 తగ్గితే పావు వంతైనట్టు. ఆ సాయంత్రం మా పెట్టెలో మైనస్ 28.6 ఉంది. మర్నాడు పొద్దున చూస్తే మైనస్ 22.1. పక్కనే టీఎక్స్ పవర్, అంటే మన పెట్టె పంపే వెలుతురు, రెండు పూటలా 2.3 దగ్గరే నిలబడింది.

సాయంత్రం అందరూ వాడటం వల్ల ఇలా అవుతుందని చాలామంది అంటారు. కాదు. వీధిలో వాడకం పెరిగితే వేగం తగ్గుతుంది గాని వెలుతురు తగ్గదు. స్తంభం మీద స్ప్లిట్టర్ ఉత్త గాజు, ఎవరు వాడినా వాడకపోయినా వెలుతురును అన్ని ఇళ్లకూ ఒకేలా చీలుస్తుంది. వెలుతురు తగ్గిందంటే ఎక్కడో ఏదో వస్తువు కదిలింది, వంగింది, నలిగింది. రోజూ ఒకే వేళకు తగ్గిందంటే రోజూ ఒకే వేళకు ఎవరో ఏదో చేస్తున్నారు.

పెట్టె నుంచి వెనక్కి, చేత్తో తడుముకుంటూ కేబులు వెంట వెళ్లాను. టీవీ వెనక చుట్ట బాగుంది, అరచేతంత వెడల్పు. ఇంతకన్నా బిగించి చుట్టకూడదు. అక్కణ్ణుంచి గోడ వెంట కిటికీకి. కిటికీ అల్యూమినియం స్లైడింగ్ రకం. కేబులు కింది పట్టా మూలలోంచి బయటికి వెళ్తోంది. అక్కడ నల్ల తొడుగు మీద అడ్డంగా తెల్లటి నొక్కు.

"ఈ కిటికీ ఎప్పుడు వేస్తావమ్మా?"

"ఆరున్నరయ్యేసరికి వేసేస్తాగా, దోమలు. ఎండాకాలం గాలాడక తెరిచే ఉంచేవాళ్లం. వానలు పడ్డాక మొదలుపెట్టా."

ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఆ పేజీ రిఫ్రెష్ చేస్తూ, అమ్మను కిటికీ మెల్లగా జరపమన్నాను. తెరిచి ఉన్నప్పుడు మైనస్ 22.1. తలుపు కేబులును తాకినప్పుడు 22.4. నాలుగు వేళ్ల సందు మిగిలినప్పుడూ అంతే. గడియ పడేదాకా నెట్టేసరికి మైనస్ 28.6, పాన్ మిణుకు మొదలు. తెరిస్తే అరనిమిషంలో మళ్లీ పచ్చ. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ అంతే.

ఫైబర్ లోపల వెలుతురు నడిచే దారి 9 మైక్రాన్లు, వెంట్రుకలో ఎనిమిదో వంతు. తీగ మెలిక పడితే ఆ వంపు దగ్గర వెలుతురు గోడ దాటి బయటికి కారిపోతుంది. తరంగదైర్ఘ్యం ఎక్కువైన కొద్దీ ఈ కారడం ఎక్కువ. జీపాన్‌లో మనకు వచ్చేది 1490 నానోమీటర్లు, మనం పంపేది 1310. అందుకని వంపు దెబ్బ డౌన్‌లోడ్ వైపు ముందు పడుతుంది. ఈ వెలుతురు కంటికి కనబడదు, కనబడలేదని కనెక్టర్ ఊడదీసి లోపలికి తొంగి చూడకండి, అది లేజర్. కొసను వేలితో తాకినా, ఊదినా మురికి చేరుతుంది. ఆ పచ్చ కనెక్టర్‌ను ఊరికే తీసి పెట్టడం వల్ల వచ్చే జబ్బులు తీరేవాటికన్నా ఎక్కువ.

ఆపరేటర్‌కు ఫోన్ చేసి ఈసారి "నెట్ రావట్లేదు" అనలేదు. "పాన్ లైటు మిణుకుతోందండి, ఆర్ఎక్స్ పవర్ మైనస్ 28.6 వస్తోంది, కిటికీ దగ్గర డ్రాప్ కేబుల్ నలిగింది, కట్ చేసి కొత్త కనెక్టర్ వెయ్యాలి" అన్నాను. అంతకు ముందు రెండు ఫోన్లకు "రీస్టార్ట్ చెయ్యండి సార్" అన్న మనిషి, ఈసారి ఎదురు ప్రశ్న లేకుండా పొద్దున పదింటికి పంపిస్తానన్నాడు. ఆ రాత్రికి కిటికీ నాలుగు వేళ్లు తెరిచి, సందులో పాత దుప్పటి ముక్క కుక్కాం.

వచ్చిన కుర్రాడు నలిగిన ముక్క కత్తిరించి అవతల పారేస్తుంటే ఆపి, కిటికీ పక్క గోడకు కన్నం వేసేదాకా ఆగమన్నాను. పట్టాలోంచే మళ్లీ లాగితే పది రోజుల్లో ఇదే కథ. డ్రిల్‌తో 10 మిల్లీమీటర్ల కన్నం, లోపలి నుంచి బయటికి కొంచెం కిందికి వాలుగా, వాన నీళ్లు లోపలికి రాకుండా. కనెక్టర్ లేని ఉత్త కేబులు దానిలోంచి సులువుగా దూరుతుంది, కనెక్టర్ వేశాక దూరదు. బయట కేబులును కన్నం కంటే కిందికి ఒక మెలి దింపి పైకి తెచ్చాడు, నీళ్లు ఆ మెలి అడుగున కారిపోతాయి. కన్నం చుట్టూ సిలికాన్. కొసకు అక్కడికక్కడ బిగించే ఫాస్ట్ కనెక్టర్ వేశాడు. స్ప్లైసింగ్ మెషిన్‌తో అతికితే నష్టం ఇంకా తక్కువ, కానీ ఇంటికి ఇది చాలు. తన పవర్ మీటరు పెట్టి చూశాడు, నేను పేజీలో చూశాను: మైనస్ 19.8. అంటే పొద్దుటి పూట బాగుందనుకున్న 22.1 కూడా నలుగుడుతో వచ్చిందే.

మిగిలింది చిన్న పని. మేడ మీద మంచం దగ్గర సిగ్నల్ మైనస్ 71 చూపిస్తోంది. వీడియో కాల్ కుదురుగా నడవాలంటే మైనస్ 67 లోపు ఉండాలి. రంగులయ్యాక రూటరును ఇనప బీరువా వెనక గోడకు తగిలించారు, ఇనుము సిగ్నల్‌ను ఇటు రానివ్వదు. మూడడుగులు పక్కకి, బీరువా కంటే ఎత్తుకు మార్చి, యాంటెన్నాలు నిటారుగా నిలబెడితే 58కి వచ్చింది. పాత ప్రింటరు ఒకటి చేరనని మొరాయించింది. వైఫై పాస్‌వర్డ్ సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 అనే కొత్త రకంలో ఉంది, డబ్ల్యూపీఏ2 ఏఈఎస్‌కి మార్చగానే చేరింది. టీకేఐపీ అనే మాటున్నది మాత్రం ఎంచకండి, వేగం 54 ఎంబీపీఎస్ దాటనివ్వదు.

వారం తర్వాత రాత్రి ఏడింటికి, కిటికీ గడియ వేసి ఉండగా చూశాను. మైనస్ 19.9. ఆ అంకె, తేదీ, వాన్ పేజీ వివరాలు ఒక కాగితం మీద రాసి పెట్టె కింద పెట్టాను.